మరియతల్లి పాదాల చెంత ఒక జెర్రిపోతు



ఈ వారం ముందుగా నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. గురువులు పాపసంకీర్తనాలు వినేవారే గాని చెప్పుకునేవారు కారని కొందరి ఊహ. మేమూ మోకరించవలసిన వాళ్ళమే.

ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేను అప్పుడు కర్నూలు జిల్లాలో ఒక నల్లరేగడి పల్లెలో విచారణ చూస్తున్నాను. ఊరి చుట్టూ నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ గుట్టలు. గుడి ముందర చిన్న గుహ కట్టి అందులో అమలోద్భవి మాత స్వరూపం నిలిపారు. తల్లి పాదాల కింద పాము ఉండే స్వరూపం అది. ఒక ఆదివారం సత్యోపదేశం తరగతిలో ఆదికాండము మూడవ అధ్యాయం చెప్పాను. నల్లబల్ల మీద పామును గీశాను. ఇదే సైతాను, మన తల్లిదండ్రులను మోసగించింది ఇదే, మరియతల్లి దీని తలనే తొక్కింది అని చేయి ఊపుతూ చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

మరుసటి సాయంత్రం ఏడెనిమిది మంది పిల్లలు కేకలు వేస్తూ గుడి ఆవరణలోకి వచ్చారు. ముందున్నవాడి చేతిలో కొబ్బరితాడు. తాడు చివర ఆరేడు అడుగుల పాము. రాళ్ళతో కొట్టి, తోక పట్టి ఈడ్చి, ఊరంతా తిప్పి, చివరకు గుహ దగ్గరకు తెచ్చి తల్లి పాదాల ముందు పడేశారు. అది ఇంకా మెలికలు తిరుగుతూనే ఉంది. "సైతాన్ను సంపినాం సామీ!" అన్నాడు ముందున్న పిల్లవాడు. వాడి కళ్ళలో నేను మొన్న నల్లబల్ల ముందు ఊగిన ఊపే కనబడింది.

నేనేం చేశానంటారా? నవ్వాను. "వీరులురా మీరు" అన్నాను. లోపలికి వెళ్ళి బిస్కెట్ పొట్లం తెచ్చి అందరికీ పంచాను.

ఆ విచారణలో ఒక ముసలి ఉపదేశి ఉండేవారు. పెద్దగా చదువుకోలేదు, కాని యాభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి. పిల్లలు వెళ్ళేదాకా ఏమీ అనలేదు. తరువాత పార తెచ్చి, ఆ పామును గుడి వెనక పాతిపెడుతూ, నా వైపు చూడకుండానే అన్నారు: "ఇది జెర్రిపోతు ఫాదరూ. విషం లేదు. ఎలుకల్ని తినేది. దీనికి సైతాను సంగతి ఏం తెలుసు?"

ఆ రోజు నాకు కోపం వచ్చింది. సిగ్గు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న శ్రావణంలో ఆదివారం పూజ ముగిసి జనం బయటికి వస్తుండగా గేటు దగ్గర పాములాయన బుట్ట దించాడు. కోస్తా వైపు నాగుల చవితి కార్తీకంలో వస్తుంది, మన వైపు చాలా ఊళ్ళలో శ్రావణంలోనే చేస్తారు. ఆ రోజుల్లో పాములవాళ్ళు పట్టణాల్లో వీధి వీధీ తిరుగుతారు. గుడి అని, మసీదు అని, చర్చి అని వాళ్ళకు భేదం లేదు, జనం ఉన్న చోటికి వస్తారు. మన పిల్లలు చుట్టూ మూగారు. పెద్దలు సెల్ ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. ఒక తల్లి తన బిడ్డ చేతికి పది రూపాయలిచ్చి "పాముకి వేసి రా నాన్నా" అని పంపుతోంది. దివ్యసత్ప్రసాదం అందుకుని పావుగంట కూడా కాలేదు.

నేను దగ్గరకు వెళ్ళి చూశాను. నాగుపాము పడగ విప్పి నిలబడింది. కాని దాని పెదవుల అంచున సన్నని దారం కనబడింది. నోరు కుట్టేశారు. నాలుక బయటికి రావడానికి చిన్న సందు వదిలారు, అంతే. దవడ పక్కన వాచి చీము పట్టింది.

పాములాడించే పని ఎలా సాగుతుందో మనలో చాలామందికి తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు. పండుగకు కొన్ని వారాల ముందు పొలాల్లో, పుట్టల్లో పామును పడతారు. కోరలను కత్తితోనో పట్టకారుతోనో పీకేస్తారు. కొందరు విషగ్రంథిని కూడా కోసి తీస్తారు, లేదా కాలుస్తారు. తరువాత నోరు కుట్టేస్తారు. ఆ గాయాలకు మందు లేదు. తిండీ నీళ్ళూ లేకుండా బుట్టలో పెడతారు. పండుగ నాడు పాలు పోస్తే తాగుతుందంటే భక్తి చేత కాదు, దాహం చేత. ఎండిపోయిన ప్రాణి ఏ తడి దొరికినా మింగుతుంది. పాలు దాని కడుపుకు పడవు. బలవంతంగా పోసినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చే పాములూ ఉన్నాయి. బూర పాటకు ఆడుతుందనే మాట కూడా నిజం కాదు. పాముకు బయటి చెవులు లేవు. నేల అదురును, కొంత మేర శబ్దాన్ని పసిగట్టగలదు, అంతే. తన కళ్ళ ముందు కదిలే బూరను శత్రువనుకుని దానితో పాటు కదులుతుంది. మనం నాట్యమంటున్నది దాని భయాన్ని. కోరలు పీకిన పామును తిరిగి అడవిలో వదిలినా చాలాసార్లు బతకదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపామును పట్టడం, దగ్గర ఉంచుకోవడం, ఆడించడం నేరం. 2022లో ఆ చట్టాన్ని సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వేరే ఉంది. హైదరాబాదులో 1995 నుండి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారు నాగపంచమి రోజుల్లో అటవీ శాఖతో కలిసి తిరిగి, ఇలాంటి పాములను విడిపించి, కుట్లు విప్పి వైద్యం చేస్తూ వచ్చారు.

ఆ పాములాయనను పక్కకు పిలిచి చట్టం సంగతి చెప్పాను. అతను నా మీద అరవలేదు. "నా తాత ఇదే చేసినాడు, నాయిన ఇదే చేసినాడు. ఈ బుట్ట దించితే ఇంకేం ఎత్తుకోవాల సామీ?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. పామును తిట్టినంత తేలిగ్గా పాములవాణ్ణి తిట్టడం కూడా ఒక రకమైన క్రూరత్వమే. చట్టం వచ్చి యాభై ఏళ్ళు దాటింది. అతని బిడ్డలకు బడి, అతనికి పని చూపించే బాధ్యత దానితో పాటు ఎంత నడిచిందో నాకైతే సందేహమే.

దారి లేదని కాదు. తమిళనాడులో ఇరుళర్లు అనే గిరిజనులు ఒకప్పుడు తోళ్ళ వ్యాపారం కోసం వేలాది పాములను పట్టి ఇచ్చేవారు. తోళ్ళ వ్యాపారాన్ని ప్రభుత్వం నిషేధించగా బతుకు పోయింది. 1978లో చెన్నై దగ్గర వారిచేత ఒక సహకార సంఘం ఏర్పడింది. వాళ్ళు పామును పట్టి, మూడు నాలుగు వారాలు ఉంచి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. మన దేశంలో పాముకాటుకు ఎక్కించే మందు తయారీకి కావలసిన విషంలో అధిక భాగం వారి చేతుల మీదుగానే వచ్చింది. వారిలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళ చేతుల్లోనూ ఉన్నది తాతల విద్యే. దాన్ని ఎటు తిప్పాలో చూపినవాళ్ళు దొరికారు, అదీ తేడా.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది చదివి మన వాళ్ళెవరైనా పక్కింటి హిందూ సోదరులను ఎగతాళి చేస్తే నా కలం వృథా అయినట్టే. పుట్ట దగ్గర పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకునే ఆ తల్లి పాముకు హాని చేయడం లేదు. నిజానికి ఆ భక్తి వల్లనే మన పొలాల గట్ల మీద ఎన్నో పుట్టలు గడ్డపార దెబ్బ తినకుండా మిగిలాయి. మన కోడుమూరులో కొండలరాయుని కొండ మీద శ్రావణ మాసం మూడవ సోమవారం నాడు భక్తులు రాళ్ళ కింద తేళ్ళను వెదికి పట్టి, దేవునికి సమర్పించి, ఒంటి మీద పాకించుకోవడం మీకందరికీ తెలిసినదే. ఆ తేలు పాటు తేలుది. అక్కడ ఏది మానాలో, ఏది ఉంచాలో ఆ భక్తుల పెద్దలు ఆలోచించుకుంటారు. నేను మన ఇంటి సంగతి చూడాలి.

మన ఇల్లంటే క్రైస్తవ లోకం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో స్వీట్‌వాటర్ అనే ఊరు ఉంది. 1958 నుండి అక్కడ ఏటా మార్చి నెలలో గిలక పాముల జాతర చేస్తున్నారు. చలికాలమంతా పాములు దాగి ఉండే రాతి బొరియల్లోకి పెట్రోలు ఆవిరి కొట్టి వాటిని బయటికి రప్పిస్తారు. ఆ ఆవిరికి బొరియల్లోని ఇతర ప్రాణులకూ ముప్పే. పట్టిన పాములను పెద్ద గుంటల్లో కుప్పలుగా పోసి, తూకం వేసి, టికెట్టు కొని వచ్చిన జనం ముందు తలలు నరికి తోళ్ళు ఒలుస్తారు. చిన్న పిల్లలు ఆ నెత్తుటిలో చేతులు ముంచి గోడ మీద ముద్రలు వేసిన ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. గుడులు నిండుగా ఉన్న ప్రాంతమది. శనివారం జాతర, ఆదివారం ఆరాధన. పాపం, వాళ్ళలోనూ మారినవాళ్ళు ఉన్నారు. జార్జియా రాష్ట్రంలో క్లాక్స్‌టన్ ఊరివారు 2012లో, విగామ్ ఊరివారు 2022లో ఆ పట్టుడు మానేసి, అదే జాతరను పాములను గురించి నేర్పే వన్యప్రాణుల పండుగగా మార్చుకున్నారు. అంగళ్ళూ పోలేదు, జనమూ పోలేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఇటలీలో ఉంది. అబ్రుజ్జో ప్రాంతంలో కొకుల్లో అనే కొండపల్లె కథోలికులది. 1031లో కన్నుమూసిన పునీత దోమినిక్ మఠాధిపతి, అనగా సోరా పట్టణపు దోమినిక్‌గారు, వారి పాలక పునీతుడు. జపమాల బోధించిన దోమినిక్‌గారు వేరు, వీరు వేరు. పాముకాటు నుండి, పంటినొప్పి నుండి కాపాడతారని నమ్మకం. మే 1న ఆయన స్వరూపాన్ని ఊరేగిస్తూ దాని మీద బతికున్న పాములను వేస్తారు. చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది. కాని జరిగేది వినండి. ఊరివాళ్ళు వసంతం మొదట్లో విషం లేని పాములనే పడతారు. ఏది ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకుంటారు. జంతుశాస్త్రవేత్తలు వచ్చి వాటిని కొలుస్తారు, తూస్తారు, జబ్బులున్నాయేమో చూస్తారు. పండుగ అయ్యాక పట్టిన చోటనే వదిలిపెడతారు. పామును పట్టడం ఆ దేశంలో కూడా నిషిద్ధమే, ఈ పండుగకు మాత్రం ప్రత్యేక అనుమతి ఉంది. పామును అసలు పట్టకుండా ఉండడమే మేలని నాకనిపిస్తుంది, అది నా అభిప్రాయం. అయినా పునీతుని పండుగ ఒక ప్రాణి చావుతో ముగియనక్కర లేదని ఆ పల్లె చూపిస్తోంది.

"ఫాదర్, బైబిల్లో పాము శపింపబడింది కదా" అని మీరడుగుతారు. నేనే నేర్పిన ప్రశ్న అది, తప్పించుకోలేను. ఆదికాండములో పాము నోట మాట్లాడినది దుష్టుడని దర్శన గ్రంథం పన్నెండవ అధ్యాయం విప్పి చెబుతుంది. మరియతల్లి పాదాల కింద ఉన్నది ఆ దుష్టుని గుర్తు. గట్టు మీద ఎలుక కోసం కాచుకుని ఉన్న జెర్రిపోతు కాదు. గుర్తుకూ, గుర్తుగా వాడిన ప్రాణికీ తేడా తెలియకపోతే చిక్కులొస్తాయి. యూదాను గుర్తు చేసుకుంటూ ముద్దు పెట్టుకోవడమే మానేస్తామా? ప్రభువు తన శిష్యులకు వివేకం కావాలన్నప్పుడు దేనిని ఉదాహరణగా చూపారో మత్తయి సువార్త పదవ అధ్యాయంలో చదవండి. అక్కడ పావురం ఒక్కటే లేదు.

సంఖ్యాకాండము ఇరవై ఒకటవ అధ్యాయం నన్ను ఇంకా ఆలోచింపజేస్తుంది. ఎడారిలో జనాన్ని సర్పాలు కరిచాయి. జనం మోషే దగ్గరకు పరుగెత్తి, ఈ పాములను మా నుండి తొలగించమని దేవుని వేడుకోమన్నారు. దేవుడు ఏం చేశాడు? పాములను తొలగించినట్టు అక్కడ రాసిలేదు. కర్రలు తీసుకుని వేటకు పొమ్మని చెప్పలేదు. కాటు తిన్నవానికి మందు ఇచ్చాడు. చూసి బతకడానికి కంచు సర్పాన్ని ఎత్తించాడు. జనం అడిగింది ఒకటి, దేవుడిచ్చింది ఇంకొకటి. దానినే ప్రభువు నికొదేముతో మాట్లాడుతూ తన సిలువకు పోలికగా తీసుకున్నారు. దుష్టునికి గుర్తుగా వాడిన ప్రాణినే రక్షణకు కూడా గుర్తుగా వాడటం ఆయనకు తప్పనిపించలేదు.

అపోస్తలుల కార్యములలో మెలితే దీవిలో పౌలుగారు తన చేతికి చుట్టుకున్న పామును నిప్పులో దులిపారు కదా అని ఒక యువకుడు వాదించాడు. దులిపారు. తనంతట తాను మీదికి వచ్చిన ప్రమాదాన్ని వదిలించుకున్నారు. దానిని బుట్టలో పెట్టుకుని దీవి అంతా తిప్పి డబ్బులు అడగలేదు. ఆ తరువాత ఆయన వెళ్ళింది జ్వరంతో పడి ఉన్న ఒక ముసలాయన మంచం దగ్గరకు.

పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత అగుస్తీనుగారి వాదన ఒకటి చదివాను. హాని చేసే ప్రాణులను దేవుడెందుకు చేశాడని అడిగేవారికి ఆయన కమ్మరి కొలిమి వంటి ఒక పనిశాలను పోలిక చెబుతారు. పని తెలియనివాడు అందులోకి వెళ్ళి, తనకు తెలియని పనిముట్లు చూసి, ఇవన్నీ దండగ అనుకుంటాడు. పదునైన దాన్ని పట్టుకుని చేయి కోసుకుంటే పనిముట్టునే తిడతాడు. పనివాడు నవ్వుకుంటాడు. మన వేరుశనగ రైతును అడగండి, ఎలుక ఎంత తింటుందో చెబుతాడు. ఆ పనిశాలలో జెర్రిపోతు పని ఏమిటో అతనికి తెలుసు. ఆ ముసలి ఉపదేశికి తెలిసింది, డిగ్రీ ఉన్న నాకు తెలియలేదు.

పునీత తోమాసు అక్వినాసుగారు మృగాలపై క్రూరత్వాన్ని కాదన్నది ముఖ్యంగా మనిషి కోసం. మృగాన్ని హింసించే చేయి మనిషిని హింసించడానికి అలవాటు పడుతుందని. అది నిజమే. కాని అది చాలదనిపిస్తుంది నాకు. నోరు కుట్టిన పాము బాధ, నా మనసు పాడవుతుందని మాత్రమే తప్పా? దానికి నొప్పిగా ఉండడం తప్పు కాదా? 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం అవసరం లేకుండా జంతువులను బాధపెట్టడం, చంపడం మానవ గౌరవానికి విరుద్ధమని బోధిస్తుంది. మనుషుల కష్టాలు తీర్చవలసిన సొమ్మును జంతువుల మీద ఖర్చు చేయవద్దని కూడా అక్కడే చెబుతుంది, అదీ మరువకూడదు. దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్‌గారు 2015లో రాసిన లౌదాతో సీ విశ్వలేఖలో ఒక అడుగు ముందుకు వేసి, ప్రతి జీవికీ దేవుని ముందు తనదైన విలువ ఉందన్నారు. నోవాతో చేసుకున్న నిబంధనలో దేవుడు సకల ప్రాణులను చేర్చుకున్నాడు, పాకే వాటిని పేరు చెప్పి తీసివేయలేదు.

"పాము కరిస్తే మనిషి చస్తాడు ఫాదర్, ఈ దయ అంతా గదిలో కూర్చున్నవాళ్ళకు" అంటారు కదా? ఆ మాటకు నా దగ్గర ఒక సమాధి ఉంది.

ఇంకో విచారణలో, కాలువ కింద వరి కోతల కాలం. నలభై ఏళ్ళు దాటని ఒక తల్లి, ముగ్గురు బిడ్డలు, మరియదళంలో చురుకైన మనిషి. మోపు ఎత్తుతుండగా రక్తపింజరి కాలి మీద కరిచింది. కేక వేసింది. చుట్టుపక్కల చేలలో వాళ్ళంతా పరుగున వచ్చారు. వచ్చినవాళ్ళు ఏం చేశారు? ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను గట్టున కూర్చోబెట్టి కాలికి చీరపేలిక బిగించి కట్టారు. మగవాళ్ళందరూ కర్రలు పట్టుకుని పామును వెదికారు. గట్టు తవ్వారు, రాళ్ళగుట్ట విప్పారు. ముప్పావు గంట. పాము దొరికింది, చంపారు. కర్రకు వేలాడదీసి ఊళ్ళోకి తెచ్చి రచ్చబండ దగ్గర పడేశారు. పిల్లలు పుల్లలతో పొడుస్తుంటే జనం గుమిగూడారు. ఆ తరువాత ఆమెను మంత్రగాడి దగ్గరకు తీసుకువెళ్ళారు. కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి నాలుగు గంటలు దాటింది. మందు ఎక్కించారు, రక్తశుద్ధి చేశారు. మూత్రపిండాలు అప్పటికే ఆగిపోయాయి. ఆరవ రోజు పోయింది. ఆమె భూస్థాపన నేనే చేశాను.

పామును చంపిన గుంపులో ముందున్నవాడు ఆమె భర్త. నలభైయవ రోజు పూజ అయ్యాక సాక్రిస్టీలోకి వచ్చి నిలబడ్డాడు. "దాన్ని సంపితే ఆమె బతుకుతాది అన్నట్టుండె సామీ నాకు" అన్నాడు. నేను అతని చేయి పట్టుకున్నాను. ఇంకేమీ చేయలేకపోయాను.

మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు, అంటే ఏడాదికి సగటున 58,000. వారిలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్ళ లోపు పిల్లలు. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో మన ఆంధ్ర ఒకటి. వానాకాలంలో, పల్లెల్లో, పొలం మనుషులు. ఎన్ని పాములను ఊరేగించినా, ఎన్నింటి నోళ్ళు కుట్టినా ఆ లెక్క తగ్గలేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో, ఈ మరణాలను 2030 కల్లా సగానికి తగ్గించాలని ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

ఇళ్ళల్లో చెప్పుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కరిచిన పామును చంపి ఆసుపత్రికి తేవలసిన పని లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటి విషానికీ కలిపి చేసినదే. కాటు తిన్న మనిషిని నడిపించవద్దు. ఆ కాలో చేయో కదలకుండా బద్ద కట్టండి, రక్తం ఆగేట్టు బిగించి కట్టవద్దు, బ్లేడుతో కోయవద్దు, నోటితో పీల్చవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనబడితే నాటువైద్యం అనకండి. మంచం, దోమతెర, చేతిలో టార్చి, కాలికి చెప్పులు. ఇంటి వెనక నాపరాళ్ళూ కట్టెలూ కుప్ప పోయకండి, ఎలుక చేరిన చోటికి పాము వస్తుంది.

ఈ ఏడు మన విచారణ పండుగకు అంగళ్ళవారికి చోటు ఇచ్చేటప్పుడు, పామునైనా కోతినైనా ఆడించేవారికి ఆవరణలో అనుమతి లేదని విచారణ మండలి తీర్మానించింది. ఆ పాములాయనను మాత్రం వెదికించాను. అతని పెద్ద కూతురు ఈ జూన్ నుండి మఠకన్యల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అతనికి ఇంకా పని కుదరలేదు. మీలో ఎవరి గోదాములోనైనా, తోటలోనైనా కాపలా మనిషి కావలసి ఉంటే నాకు కబురు చేయండి. అతని దగ్గరున్న పామును అటవీ శాఖ వారికి అప్పగించాం. తొమ్మిదో రోజున చచ్చిపోయిందని చెప్పారు.

కొబ్బరితాడు పట్టుకుని వచ్చిన ఆ పిల్లవాడు ఇప్పుడు పెళ్ళయి, ఇద్దరు బిడ్డల తండ్రి. ఎరువుల అంగడి నడుపుతున్నాడు. కిందటి నెల రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు.

"సామీ, గోదాములో మూటల ఎనక పెద్ద జెర్రిపోతు ఉండాది. పిల్లోళ్ళు కట్టెలు తీసుకున్యారు. ఏం చేయమంటారు?"

"అది జెర్రిపోతేనని ఖాయంగా తెలుసా నీకు?"

"తెలీకేం సామీ. సిన్నప్పుడు సూడలేదా."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. పిల్లలను బయటికి పంపి, లైటు ఆర్పి, వెనక తలుపు తెరిచి పెట్టమన్నాను. గంట తరువాత మళ్ళీ ఫోన్ చేశాడు. వెళ్ళిపోయిందట.